తొమ్మిది గదుల వాకిలి

మనామా బజారులో ఊరివాళ్ళెవరైనా తారసపడి ఏం పని చేస్తున్నావని అడిగితే, పరశురాం తడుముకోకుండా "నాకొక హోటలున్నది" అనేవాడు. జేబులోని గుర్తింపు కార్డు మీద మాత్రం మేస్త్రీ అని ఉండేది. ఆ హోటలు సొంతదారు హాజీ మన్సూర్ అనే ముసలాయన అనీ, ఆయన కర్జకాన్ ఊళ్ళో నిక్షేపంగా ఉన్నాడనీ తెలిసినవాళ్ళు కూడా ఆ మాటకు అడ్డు చెప్పేవారు కాదు. పరశురాం ఆ సంగతిని గొప్పలు పోతున్నట్టు చెప్పడు, తన పేరు చెప్పినంత మామూలుగా చెబుతాడు. వినేవాళ్ళకు ఎందుకో నమ్మబుద్ధి అయ్యేది.

కోరుట్ల దగ్గరి పల్లె నుంచి రెండు వేల సంవత్సరంలో అతను బహ్రెయిన్‌లో దిగాడు. ఊళ్ళో అందరికీ అది దుబాయే. ఇది దుబాయి కాదే, వేరే దేశం అని ఫోనులో ఎన్నిసార్లు మొత్తుకున్నా, భార్య ఉమారాణి "ఏదైతేంది, నువ్వైతే ఈడ లేవు గదా" అని తీసిపారేసేది. జిదాఫ్స్ దగ్గర కంపెనీ క్యాంపు. తెల్లవారకముందే బస్సు, బస్సు దిగితే సిమెంటు ఇటుకలు, ఇటుకలయ్యాక ఓవర్‌టైం. కట్టిన గోడను మళ్ళీ చూసుకునే యోగం ఉండేది కాదు. ఒక బిల్డింగు పైకి లేచేసరికి బస్సు ఇంకో చోటికి తిరిగేది. పరశురాంకు ఎండ కష్టం కాలేదు, తిండి కష్టం కాలేదు. కట్టింది ఎవరిదో, ఎవరుంటారో తెలియకపోవడమే అతనికి ఒంటికి పట్టలేదు.

అలాంటి రోజుల్లో ఒకనాడు క్యాంపుకు హాజీ మన్సూర్ వచ్చాడు. పొట్టిగా, తెల్ల గడ్డంతో, చేతికర్ర పట్టుకుని, మాట కొంచెం గట్టిగా మాట్లాడే మనిషి. కర్జకాన్ దాటాక, ఖర్జూర తోటలు అయిపోయి ఎడారి మొదలయ్యే చోట ఆయనకు తండ్రి నాటి జాగా ఉంది. అక్కడ చిన్న హోటలు కట్టాలని ఆయన కోరిక. అద్దాల మేడ కాదు. తన చిన్నప్పటి ఇల్లు ఎలా ఉండేదో అలా, రాతితో, జుస్ అని అక్కడివాళ్ళు పిలిచే తెల్ల గచ్చుతో, తాటి దూలాల కప్పుతో తొమ్మిది గదులు. ఈ పని ఎవరికి వచ్చని ఆయన అరబ్బీ, హిందీ కలిపి అడిగాడు. సిమెంటు తప్ప తెలియని మేస్త్రీలు నేల చూపులు చూశారు. పరశురాం చెయ్యెత్తాడు.

నిజానికి అతను జుస్ మొహం కూడా చూడలేదు. ఊళ్ళో తండ్రి వెంట సున్నపు గచ్చు పని చేశాడు, అంతే. కానీ వచ్చా అని అడిగితే రాదని చెప్పే అలవాటు అతనికి పుట్టుకతోనే లేదు. "సున్నం అసొంటిదే గదా, రెండు దినాలల్ల చేతికస్తది" అని పక్కవాడికి చెప్పాడు. మొదటి రోజు కలిపిన గచ్చంతా గోడ ఎక్కకుండానే తట్టలో గడ్డకట్టి కూర్చుంది. రెండో రోజు సగం. తరవాత ఎంత కలపాలో, ఎంత చురుగ్గా పుయ్యాలో చేతికి తెలిసిపోయింది. హాజీ అదంతా చూశాడు. చెప్పింది అబద్ధమైనా చేతిలో పని ఉందని ఆయన కనిపెట్టాడు.

ఎడారి అంటే పరశురాం ఇసుక దిబ్బలు ఊహించుకున్నాడు. ఇక్కడ అవేమీ లేవు. గులకరాళ్ళు, పాలిపోయిన సున్నపు నేల, దూరంగా చమురు పైపులు, చలికాలం వస్తే సెలవులు గడపడానికి జనం వేసుకునే డేరాలు. ఆ బోసి నేల మధ్య హాజీ స్థలంలో ఒక బావి ఉండేది. ముసలాయన ప్రాణమంతా ఆ బావి మీదే. పనివేళ పట్టా నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని, దాని సంగతే చెప్పేవాడు. ముత్యాల వేటకు పోయే పడవల వాళ్ళు ఒడ్డున ఆగి తన తండ్రి బావి నీళ్ళు తోళ్ళలో నింపుకుని పోయేవారట. చుట్టుపక్కల ఏ బావికీ ఆ పేరు లేదట. ఇంటింటికీ కుళాయిలు వచ్చాక ఇటు వచ్చేవాళ్ళు లేక అది పూడిపోయింది. హాజీ కూడా వయసులో ఉన్నప్పుడు తాగడమే, మళ్ళీ దాని నీళ్ళు నోట్లో పోసుకోలేదు. హోటలు కట్టడంలో సగం ఉద్దేశం ఆ బావిని మళ్ళీ నలుగురికీ చూపించుకోవాలనే.

పరశురాంకు ఆ కబుర్లు ఇష్టం. అతను ఒక్క విషయంలో మాత్రం ముసలాయనతో సహా అందరినీ విసిగించాడు. గచ్చులో కలిపే ఇసుక సముద్రం పక్కది. దాన్ని ట్యాంకరు నీళ్ళతో కడిగి, ఆరబోసి, మళ్ళీ కడిగితే గాని తట్టలోకి రానిచ్చేవాడు కాదు. తోటి కూలీలు తిట్టుకున్నారు. "ఉప్పున్న ఇసుకతోటి కడితే గోడకు సౌడు వట్టి రాలిపోతది. నా గోడ రాలొద్దు" అన్నాడతను. నా గోడ అన్న మాట అప్పుడే మొదలైంది.

గదులు పూర్తయ్యాక కంపెనీ బస్సు ఎప్పటిలాగే ఇంకో చోటికి తిరిగింది. ఈసారి అందులో పరశురాం ఎక్కలేదు. హాజీ కంపెనీతో మాట్లాడి, తానే కఫీల్‌గా, అంటే వీసాకు పూచీదారుగా ఉండి అతన్ని అట్టేపెట్టుకున్నాడు. కాపలా, తోటపని, మరమ్మతులు, వచ్చినవాళ్ళ సామాన్ మోయడం, అన్నీ అతనివే. వంటకు అమలాపురం వైపు నుంచి సుందర్‌రాజు అనే పెద్దాయన వచ్చాడు. శుక్రవారం సాయంత్రమైతే చాలు తెల్లచొక్కా వేసుకుని మనామాలో తెలుగు సంఘం ప్రార్థనకు పోయేవాడు, మిగతా రోజులన్నీ పొయ్యి దగ్గర కీర్తనలు పాడుకునేవాడు. ఇద్దరి తెలుగూ ఒకరిది ఒకరికి మొదట్లో నవ్వు తెప్పించేది. నెల తిరిగేసరికి అన్నాతమ్ముళ్ళయ్యారు.

రెండు వేల రెండు చలికాలంలో హోటలు తెరిచారు. మనామా నుంచి, సౌదీ నుంచి హాజీ స్నేహితులు వచ్చి వరండాలో తివాచీల మీద కూర్చున్నారు. ముసలాయన వాళ్ళకు బావి కథంతా చెప్పి, ఛాతీ విరుచుకుని, నా బావి నీళ్ళు పట్టుకురా అని పరశురాంను కేకేశాడు. పూడిక తీసింది అంతకు ముందు రోజే. పరశురాం నీళ్ళు తోడి, అలవాటు కొద్దీ ముందు తాను ఒక గుక్క తాగాడు. గొంతు దిగలేదు. ఉప్పు. చేదు కలిసిన ఉప్పు.

ఏం చెయ్యాలో అతను పెద్దగా ఆలోచించలేదు. అక్కడ ముసలాయన మొహం పండగలా వెలిగిపోతోంది. ఈ నీళ్ళు తాగించి, నలుగురి ముందు ఆ మొహం వాడిపోవడం చూడటానికి పరశురాంకు మనసొప్పలేదు. వంటింట్లోకి పోయి, తాగేనీళ్ళ సీసా మూత తీసి మట్టికూజాలోకి వంపాడు. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు నీళ్ళివ్వడం తెలిసిన మనిషిలా కూజాను రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. హాజీ తాగాడు. ఒక్క క్షణం గ్లాసు వైపు చూశాడు. తరవాత అందరికీ పొయ్యమన్నాడు. అందరూ ఆహా అన్నారు. అప్పటి నుంచి హాజీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చేవాడు, వరండాలో కూర్చునేవాడు, బావి నీళ్ళు తెమ్మనేవాడు. పరశురాం సీసా నీళ్ళు తెచ్చేవాడు.

ఇక వాకిలి సంగతి. హోటలు తెరిచిన మర్నాడు పొద్దున్నే పరశురాం లేచి చూస్తే, గదుల ముందంతా ఎడారి దుమ్ము అంగుళం మందాన పరుచుకుని ఉంది. చీపురుతో ఊడిస్తే పైకి లేచి మళ్ళీ అక్కడే కూర్చుంటోంది. ఇల్లన్నాక వాకిలి ఇలా ఉంటే ఎలా అని అతని మనసు పీకింది. బకెట్టుతో నీళ్ళు తెచ్చి, చేత్తో తీసి, వాళ్ళమ్మ చల్లినట్టే గడప నుంచి బయటికి చల్లుకుంటూ పోయాడు. ఒక గది, రెండు గదులు, మూడు. దుమ్ము అణిగి తడిమట్టి వాసన లేచింది. వాన ఎరగని ఆ నేల మీద ఆ వాసనకు రెండో గదిలో అతిథి తలుపు తీసుకుని బయటికొచ్చి, కళ్ళు మూసుకుని నిలబడిపోయాడు.

ఈ సంగతి ఫోనులో చెబితే ఉమారాణి నవ్వాపుకోలేకపోయింది. "ఈడ ఏనాడన్న చీపురు వట్టినవా? ఆడికి వొయ్యి మొగోనివి సాన్పు జల్లుతున్నవా?" అంది. పేడ యాడ దొరికిందని కూడా అడిగింది. పేడ లేదు, ఉత్త నీళ్ళే అన్నాడు పరశురాం. ముగ్గు కూడా వేస్తావా అని ఆమె ఎగతాళి చేస్తే, "ఎయ్యమంటే ఎయ్యనా ఏంది" అన్నాడు. మర్నాడు జుస్ పొడితో ప్రతి గడప ముందూ నాలుగు చుక్కలు పెట్టి కలిపాడు. వంకరగానే వచ్చింది, అయినా మానలేదు.

హాజీకి ఈ చల్లడం తెగ నచ్చింది. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, చల్లేవి బావి నీళ్ళే కావాలి. ఈ ఇంటి వాకిలికి ఈ బావి నీళ్ళే పడాలన్నాడు. స్నానాలకు, వంటకు ట్యాంకరు నీళ్ళు వస్తాయి గనక బావికి ఆ ఒక్క గౌరవమైనా దక్కాలని ఆయన ఆశ. పరశురాం సరేనన్నాడు. తాగేవాటిలో ఎలాగూ దగా జరుగుతోంది, చల్లేవాటిలోనైనా నిజం ఉండనీ అనుకున్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. పొద్దున తడిసే వాకిలి గురించి ఒకరు ఇంకొకరికి చెప్పి, వాళ్ళు ఇంకొకరికి చెప్పి, ఊరూ పేరూ లేని ఆ తొమ్మిది గదుల హోటలు చలికాలమంతా నిండేది. రెండు వేల నాలుగు నుంచి కొద్ది దూరంలోనే కార్ల పందేలు మొదలయ్యాక ఆ రోజుల్లో గది దొరకడం గగనమైంది. పందేల మోతకు చెవులు మూసుకున్నవాళ్ళే పొద్దున వరండాలో కూర్చుని పరశురాం బకెట్టు కోసం ఎదురుచూసేవారు. అతను రాజులా వచ్చేవాడు. ఒకచేత్తో బకెట్టు, లుంగీ పైకి మడిచి, ఎవరికీ సలాం కొట్టకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి చల్లుకుంటూ పోయేవాడు. గోడల పాదాలు తడిసి నల్లబడేదాకా చల్లేవాడు. పిసినారిగా చల్లితే ఇంటికి మంచిది కాదని అతని నమ్మకం.

రెండు వేల ఎనిమిది చలికాలం చివర, గోడలకు కింది భాగాన తెల్లటి నూగు కనిపించింది. చీపురుతో దులిపితే పోయింది, వారానికి మళ్ళీ వచ్చింది. ఆపైన గచ్చు పొక్కులు లేచి, పెచ్చులు పెచ్చులుగా ఊడటం మొదలుపెట్టింది. ఎండలు ముదిరేసరికి మోకాలి ఎత్తు దాకా గోడ లోపలి రాయి బయటపడింది. అతిథులు చూసీచూడనట్టు పోయేవారు. పరశురాం మాత్రం ఆ పెచ్చులు చేతిలోకి తీసుకుని చూస్తూ నిలబడేవాడు. తిండి సయించేది కాదు.

హాజీ కొడుకు జాఫర్ మనామాలో బ్యాంకు ఉద్యోగి, నెమ్మదైన మనిషి. అతను ఒక ఇంజనీరును తీసుకొచ్చి చూపించాడు. ఇంజనీరు పైపులన్నీ పరీక్షించాడు, ఎక్కడా కారడం లేదు. పెచ్చు నాలుక మీద పెట్టుకుని చూసి, ఇది ఉప్పు అన్నాడు. సముద్రపు ఇసుకను సరిగ్గా కడగకుండా కట్టి ఉంటారని, ఉప్పు గోడ లోపలే ఉందని, ఇది బాగయ్యే జబ్బు కాదని తేల్చాడు. ఇలాంటి ఇళ్ళు ఆయన చాలా చూశాడు, అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. జాఫర్ ఆలోచించి, హోటలు మూసేసి స్థలాన్ని చలికాలం డేరాల వాళ్ళకు అప్పగించడం మేలన్నాడు. వచ్చే శుక్రవారం నాన్నకు నచ్చజెబుతాను, నువ్వేమీ చెప్పకు అని పరశురాంతో మర్యాదగానే అన్నాడు.

పరశురాంకు తల కొట్టేసినట్టయింది. హోటలు పోతే మళ్ళీ క్యాంపు, మళ్ళీ బస్సు, మళ్ళీ ఎవరివో గోడలు. అంతకంటే, ఇసుక కడగలేదన్న మాట అతన్ని లోపల కోసేసింది. నా గోడకు జబ్బు లేదు అని వంటింట్లో సుందర్‌రాజుతో పదేపదే అన్నాడు. తాపీ తీసుకుని మూడో గది గోడను గీకడానికి కూర్చున్నాడు. పైపైన పొడిలా రాలింది గాని, లోపలికి పోయేకొద్దీ రాయినీ రాయినీ పట్టుకున్న గచ్చు గట్టిగా ఉంది. ఉప్పు లోపల్నుంచి రావడం లేదు, బయట నుంచే వస్తోంది. అతనికి ఛాతీ ఉప్పొంగింది. అలాగే కూర్చుని వరండా పొడుగునా చూశాడు. ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రతి గది కిందా పెచ్చులే. తొమ్మిదో గది మాత్రం నిన్న పూసినట్టు నున్నగా ఉంది.

తొమ్మిదో గదిలో హోటలు తెరిచిన కొత్త నుంచీ ఫ్రాన్స్ దేశపు ఆవిడ ఒకతె ఉంటోంది. బొమ్మలు గీసుకుంటుంది, పొద్దెక్కేదాకా పడుకుంటుంది. నిద్ర చెడుతుందని తన తలుపు దగ్గరికి ఆ వేళప్పుడు రావద్దని వచ్చిన కొత్తలోనే చెప్పేసింది. ఆ ఒక్క వాకిలికీ పరశురాం నీళ్ళు చల్లడు. ఎప్పుడైనా ఆ గడప మొహాన పొడి దుమ్ము చూస్తే, పాపం ఈ గదికి భాగ్యం లేదు అనుకునేవాడు.

అతను లేచి బకెట్టు దగ్గరికి పోయాడు. దాని అంచు చుట్టూ తెల్లటి చార ఉంది. రోజూ పొద్దున గోకి కడుగుతూనే ఉన్నాడు, మళ్ళీ పడుతూనే ఉంది. ఇన్నేళ్ళూ కళ్ళ ముందే ఉంది. ఊళ్ళో చౌడు భూమిని చూపులతో గుర్తుపట్టే మనిషి, ఇసుకను కడిగించి జనాన్ని ఏడిపించిన మనిషి, ఆ ఉప్పు నీళ్ళనే రోజూ తన చేత్తో తన గోడలకు తాపాడు. సాన్పు చల్లితే ఇంటికి మేలే గాని కీడు జరుగుతుందని ఎవరికి తడుతుంది? అతను బకెట్టు పక్కనే చతికిలబడి, చాలాసేపు తనను తాను తిట్టుకున్నాడు. తరవాత నవ్వొచ్చింది. గోడ మాత్రం మంచిదే.

సుందర్‌రాజుకు అంతా చెప్పాడు. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ శ్రద్ధగా విన్నాడు. "చూడు తమ్ముడూ, జాఫర్ బాబుకి నెమ్మదిగా చెప్పు, నీళ్ళు చల్లడం ఆపెయ్యి, సరిపోద్ది. ఆ ముసలాయన చెవినెయ్యకు. ఆయన బావి చచ్చిపోయిందని చెప్పడవంటే, తండ్రి చచ్చిపోయాడని మళ్ళీ చెప్పినట్టే" అన్నాడు.

మంచి మాటే. కానీ హాజీ ఊరుకునే రకం కాదు. వచ్చే చలికాలానికి బావి నీళ్ళు కాలువ కట్టి గదుల ముందు నుంచి పారించాలని అప్పటికే గీతలు గీయించి పెట్టుకున్నాడు. తియ్యటి నీళ్ళనుకునేగా ఆ ముచ్చట. ఈ కాలువ పారితే రెండేళ్ళలో ఇంజనీరు చెప్పిన మాట నిజమవుతుంది. నిజం చెబితే ముసలాయన గుండె పగులుతుంది, పైగా ఇన్నేళ్ళుగా సీసా నీళ్ళు తాగించానని ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఇల్లు కూలుతుంది. పరశురాంకు జీవితంలో మొదటిసారి ఏం చెయ్యాలో తోచలేదు.

"ఏం జేస్తవు మరి" అని ఫోనులో ఉమారాణి అడిగింది. అతను ఊరికే ఉండిపోయాడు. "నువ్వు ఊకున్నవంటే నాకు బుగులైతది. ఏదో ఒకటి జెప్పు, ఎప్పటిలెక్కనే" అందామె. ఆ మాటతో అతని మనసు కుదుటపడింది. "నిజమే జెప్త. నా గోడ గురించి నేను జెప్పకుంటె ఎవలు జెప్తరు" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం హాజీ, జాఫర్ వచ్చారు. ఎండకు వరండా బోసిగా ఉంది. ముసలాయన చూపు మందగించింది గనక పెచ్చులూడటం ఆయనకు సరిగ్గా ఆనలేదు. జాఫర్ గొంతు సవరించుకుని విషయం ఎత్తబోతుంటే పరశురాం అడ్డం పడి, ముందు నాతో రండి అన్నాడు. హాజీ చెయ్యి పట్టుకుని మూడో గది గోడ దగ్గరికి తీసుకుపోయి, ఆయన వేళ్ళు ఆ పెచ్చుల మీద పెట్టాడు. ముసలాయన వేళ్ళు ఆగిపోయాయి. అక్కడి నుంచి తొమ్మిదో గదికి తీసుకుపోయి ఆ నున్నటి గోడ మీద పెట్టాడు.

"బాబా, రెండు గోడలూ నేనే కట్టిన. ఒకటే ఇసుక, ఒకటే చెయ్యి. గోడ మంచిదే" అన్నాడు. మాట హిందీలోనే అయినా లోపల కోరుట్ల యాసే పలికింది.

మరి ఆ గోడలకు ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందని హాజీ అడిగాడు. జాఫర్ కూడా అతని వైపే చూశాడు. పరశురాం బావి దగ్గరికి నడిచి నీళ్ళు తోడాడు. మట్టికూజా నింపాడు. హోటలు తెరిచిన నాడు ఎలా తెచ్చాడో అలాగే రెండు చేతులా పట్టుకొచ్చి, వరండా తివాచీ మీద కూర్చున్న ముసలాయన గ్లాసులో పోసి, పక్కన నిలబడ్డాడు.

హాజీ ఒక గుక్క తాగాడు. మొహంలో ఏమీ మారలేదు. గ్లాసు దించకుండా మొత్తం తాగాడు. తరవాత ఖాళీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని బావి ఉన్న వైపు చూస్తూ ఉండిపోయాడు. గడ్డం మీదికి రెండు కన్నీటి చుక్కలు జారాయి. పరశురాం ఏం చేశాను రా భగవంతుడా అనుకున్నాడు.

"ఇంత ఉప్పయిందా" అన్నాడు హాజీ చివరికి. "మా నాన్న ఉన్నప్పుడూ ఇందులో కొంచెం ఉప్పుండేది. అదే దీని రుచి. నువ్వు ఆరోజు తెచ్చిన నీళ్ళలో ఉప్పే లేదు. అప్పుడే తెలిసింది, అవి నా బావివి కావని" అన్నాడు.

పరశురాం కూజా కింద పెట్టి, "మరి గన్నేండ్లు ఎందుకు తాగినవ్ బాబా" అన్నాడు.

"నలుగురి ముందు రెండు చేతులా పట్టుకొచ్చావు. పారబొయ్యమంటావా? ఆ తరవాత ప్రతి వారం అడగాలనే అనుకున్నాను, అసలు నీళ్ళు తెమ్మని. భయమేసింది. ఎంత పాడైందో తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది" అన్నాడు ముసలాయన. అని చెయ్యి చాపి పరశురాం మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వు తెచ్చిచ్చావు. మంచి పని చేశావు."

జాఫర్ కొంతసేపు తొమ్మిదో గది గోడనే తడుముతూ నిలబడ్డాడు. తరవాత మూడో గది దగ్గరికి పోయి వంగి చూశాడు. కింది గచ్చంతా గీకేసి, ఈ ఎండల్లో ఆరనిచ్చి మళ్ళీ పూస్తే నిలబడుతుందా అని పరశురాంను అడిగాడు. "నిలవడ్తది" అన్నాడు పరశురాం వెంటనే. ఈసారి అతను అన్నది నిజంగా తెలిసే. చలికాలానికి తెరుద్దాం, డేరాల మాట ఖలాస్ అని జాఫర్ కారు తాళాలు జేబులో వేసుకుని తానూ తివాచీ మీద కూర్చున్నాడు. కాలువ గీతలు గీసిన కాగితాన్ని హాజీయే అడిగి తెప్పించుకుని, నాలుగు మడతలు పెట్టి కూజా కిందకు తోశాడు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న సుందర్‌రాజు ఒక పళ్ళెంలో ఖర్జూరాలు తెచ్చి మధ్యలో పెట్టాడు. ఆయనకు మనామా ప్రార్థనకు వేళ మించిపోతోంది, అయినా కదల్లేదు. రేపటి నుంచి వాకిలి చల్లడం మానేస్తానని పరశురాం మెల్లగా అన్నాడు. ఆ మాట అనడం అతనికి నిజం చెప్పడం కన్నా కష్టమైంది.

హాజీ తల అడ్డంగా ఊపాడు. "మానడమేంటి? ఇన్నేళ్ళు నాకు పోశావే, ఆ సీసా నీళ్ళు. రేపటి నుంచి అవి గడపకు చల్లు. గోడకు తగలకుండా చల్లు" అన్నాడు. ఆపైన ఖాళీ గ్లాసు ముందుకు చాపాడు.

"నాకు మాత్రం నా బావివే పొయ్యి."